బిగువు మీది దారం

బోనులో ఎలుక పడిన సంగతి దుకాణంలో అందరికీ తెలుసు. సాయంత్రం ఆరింటికి సెల్లార్‌లో రేకు తలుపు ఠప్పున పడిన చప్పుడు పైన కౌంటర్ల దాకా వినిపించింది. కిందికి దిగి చూసి వచ్చినవాళ్లు నలుగురున్నారు. మర్నాడు పొద్దున చూస్తే తలుపు వేసింది వేసినట్టే ఉంది, లోపల ఎలుక లేదు. వారంలో ఇది మూడోసారి.

"తలుపు తీసుకొని పోయి, మళ్ల మంచిగ ఏసిపోయిందా ఎలుక?" అన్నాడు హరిప్రసాద్. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది ఆ చేనేత చీరల దుకాణం అతనిదే. అడిగింది అందర్నీ అయినా చూసింది మాత్రం ప్రసన్నలక్ష్మి వైపు. ఆ దుకాణంలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆమె మొహం చూడటం అలవాటు.

అలవాటు ఊరికే కాలేదు. ప్రసన్నలక్ష్మి పోచంపల్లి మగ్గాల మధ్య పుట్టిన మనిషి. నడక రాకముందే దారం ముడి వెయ్యడం వచ్చిందని వాళ్ల అమ్మ చెప్పుకునేది. పద్దెనిమిదేళ్లుగా ఆ పెద్ద కౌంటర్ ఆమెది. చీర అంచును రెండు వేళ్ల మధ్య నలిపి ఇది మగ్గం మీదిదో మిషన్ మీదిదో చెప్పేస్తుంది. చీరను తిరగేసి వెనక వైపు చూడందే ఒప్పుకోదు. ఆమె వద్దన్న మూటను హరిప్రసాద్ విప్పకుండానే వెనక్కి పంపేవాడు. దారం విషయంలో ఆమె మాటకు ఆ దుకాణంలో తిరుగులేదు.

మనుషుల్ని కూడా అలాగే తిరగేసి చూడటం ఆమెకున్న జబ్బు. ఎవరైనా నవ్వితే ఆ నవ్వుకు వెనక వైపు ఎలా ఉందో అని వెతికేది. పక్క కౌంటర్ విజయదుర్గ సంగతే తీసుకోండి. తణుకు నుంచి వచ్చి ఏడాదైంది. మాటకో 'అండీ' తగిలించి, కొనడానికి రానివాళ్ల చేత కూడా రెండు చీరలు కొనిపిస్తుంది. 'గంత తీపి మాట ఎవ్వరికీ ఊరికే రాదు, నా కుర్చీ మీద కన్నున్నది ఈమెకు' అని ప్రసన్నలక్ష్మి మొదటి వారంలోనే తేల్చేసింది. ఇద్దరికీ పడదని దుకాణంలో గోడలక్కూడా తెలుసు.

ఇప్పుడు ఆమె చూపు విజయదుర్గను దాటి గుండయ్య మీద ఆగింది.

గుండయ్యకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆయనదీ పోచంపల్లే, హరిప్రసాద్ వాళ్ల నాన్న కాలం నుంచి దుకాణంలో ఉన్నాడు. పొద్దున్నే సెల్లార్ తాళం తీసేది ఆయన, నూలు చీరలకు గంజి పట్టించి మడతలు పెట్టేది ఆయన. చీరల మీద పైకి లేచిన దారప్పోగుల్ని కత్తిరించడానికి సగం బ్లేడు ఒకటి కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఆ గంజి వాసనకే ఎలుకలు దిగాయి. రెండు పట్టుచీరల కొంగులు కొట్టేశాయి. మొదటి ఎలుక పడ్డ రోజు ప్యాకింగ్ చేసే సాయినాథ్ దాన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే గుండయ్య అడ్డుపడ్డాడు.

"తిట్టకు బిడ్డా. తిడితే పగవడ్తది, ఇంకిన్ని బట్టలు కొరుకుతది" అన్నాడు.

అందరూ నవ్వారు. ప్రసన్నలక్ష్మి మాత్రం నవ్వకుండా ఆ మాటను దాచిపెట్టుకుంది.

ఆ సాయంత్రం మళ్లీ ఒకటి పడింది. పడినదాన్ని మర్నాడు సాయినాథ్ బండి మీద తీసుకుపోయి మూసీ ఒడ్డున వదిలి రావాలి. చీకటి పడ్డాక ఆ పని చెయ్యనన్నాడు. అందరూ పైకి వెళ్లేదాకా ఆగి ప్రసన్నలక్ష్మి బోను దగ్గర కూర్చుంది. పాత చెక్క బోను అది. రేకు తలుపు గాడిలో పైనుంచి కిందికి జారుతుంది. వేలు పెట్టి ఎత్తడానికి వీలుగా బయటి వైపు కింది అంచు కొంచెం వంచి ఉంటుంది. లోపలి వైపు నున్నగా ఉంటుంది కాబట్టి లోపలున్న ఎలుక ఎంత గీకినా గోరు ఆనదు. ఆమె కండె నుంచి నూలు దారం తీసి, తలుపు మీదుగా బోను చుట్టూ రెండు చుట్లు తిప్పి, మీటితే మోగేంత బిగువుగా లాగి, వాళ్ల అమ్మ నేర్పిన ముడి వేసింది. ఆ ముడి విప్పడం ఊళ్లోవాళ్లకే కష్టం. సంగతి హరిప్రసాద్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బుధవారం పొద్దున ఆమె, హరిప్రసాద్ కలిసి కిందికి దిగేసరికి గుండయ్య అప్పటికే సెల్లార్ ఊడుస్తున్నాడు. బోను తలుపు మూసే ఉంది. లోపల ఖాళీ. దారం రెండు ముక్కలై పక్కన పడి ఉంది. ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

ప్రసన్నలక్ష్మి ఆ ముక్కల్ని రోడ్డు వైపు కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతుర్లో పెట్టి చూసింది. కొసల్ని వేళ్ల మధ్య తిప్పింది. నాలుక చివర తడి చేసి మళ్లీ చూసింది. హరిప్రసాద్ పక్కనే నిలబడ్డాడు.

"ఎలుక కొరికితే కొస పీచుపీచు అయితది సార్, నమిలిన చెరుకు లెక్క. మా ఇంట్ల చిన్నప్పుడు ఎంత నూలు కొట్టినయో నా కండ్లతోని చూసిన. గిది చూడుండ్రి, సాఫ్‌గ తెగింది. బ్లేడ్‌తోని కోసిందే."

గుండయ్య పేరు ఆమె ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. జేబులో బ్లేడు పెట్టుకు తిరిగే మనిషి ఆ దుకాణంలో ఒక్కడే.

అందర్నీ పైన నిలబెట్టి హరిప్రసాద్ అడిగాడు. "కాకా, నువ్వు తీసినవా?"

"నేను తియ్యలే."

"మరి దారం ఎవరు కోసిండ్రు? తాళం చెవి నీ దగ్గర్నే ఉంటది గదా."

"నాకేం ఎర్క? నేనైతే తియ్యలే."

అంతకు మించి ఆయన ఒక్క మాట పెంచలేదు. ఒట్టు వెయ్యలేదు, కోపం తెచ్చుకోలేదు. అదే ప్రసన్నలక్ష్మికి ఇంకా అనుమానంగా తోచింది. తప్పు లేనివాడు ఇంత చల్లగా ఉంటాడా అనుకుంది. ఆయన భుజాలు తడుముకుని ఉంటే గుమ్మడికాయల దొంగ అనుకునేదే. తడుముకోకపోయినా అదే అనుకుంది. అనుమానానికి రెండు వైపులా పదునే.

"కొద్దిరోజులు ఇంటికాడ ఉండు కాకా. నేనే ఫోన్ చేస్త" అన్నాడు హరిప్రసాద్.

ఆ ఫోన్ రాదని అక్కడున్న అందరికీ తెలుసు. మొత్తం పదకొండు మంది. ఒకరు గుండుసూదులు సర్దుతున్నారు, ఇంకొకరు గోరు చూసుకుంటున్నారు. విజయదుర్గ ఏదో అనబోయి, ప్రసన్నలక్ష్మి వైపు చూసి నోరు మూసుకుంది. గుండయ్య తాళం చెవి తీసి కౌంటర్ మీద పెట్టాడు. జేబులోంచి బ్లేడు కాగితం కూడా తీశాడు. కాసేపు చూసి, "గిది నాదే" అని మళ్లీ జేబులో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తాళం చెవి ప్రసన్నలక్ష్మి చేతికి వచ్చింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అని ఊరికే అనలేదు పెద్దలు. అయితే ఆ రోజు మాత్రం ఆమెకు ఇల్లు కాలుతున్న వాసన రాలేదు. బుధవారం సాయంత్రం పడిన ఎలుక బోనుకు మళ్లీ దారం చుట్టి, తాళం వేసి, చెవిని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఎల్‌బీ నగర్‌లో తన ఇంటికి పోయింది.

గురువారం పొద్దున తన చేతుల్తోనే తాళం తీసింది. బోను ఖాళీ. దారం తెగి ఉంది. కొసలు నున్నగా ఉన్నాయి.

ముందు తలుపు చూసింది, కిటికీ ఊచలు చూసింది. మారు చెవి ఎవరి దగ్గరైనా ఉందా? హరిప్రసాదే తనను పరీక్షిస్తున్నాడా? విజయదుర్గ ఎలాగైనా చెవి సంపాదించి తనను ఇరికిస్తోందా? అందర్నీ వరసగా తిరగేసి చూసింది మనసులో. చివరికి ఒక మనిషి మిగిలింది, తాళం చెవి రాత్రంతా దగ్గరుంచుకున్న మనిషి. నిన్న గుండయ్యను పట్టించిన లెక్క ఇవాళ తన దగ్గరికే వచ్చింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని. దారం ముక్కల్ని గబగబా పర్సులో కుక్కుకుంది. పైకి పోయి, "రాత్రి ఎలుక ఎట్లనో తప్పించుకున్నది, తలుపు సరిగ్గ పడలే" అని సాయినాథ్‌తో అబద్ధం చెప్పింది. గొంతు వణకలేదు. అది ఆమెనే భయపెట్టింది.

మధ్యాహ్నం పన్నెండు కాకముందే కింద తలుపు ఠప్పుమంది. పట్టపగలే ఇంకోటి పడింది. ప్రసన్నలక్ష్మి దిగి దారం చుట్టి వచ్చింది. గురువారం కాబట్టి విజయదుర్గ బాబా గుడిలో హారతికి వెళ్లింది. ప్రతి గురువారం వెళ్తుంది, వెళ్లినప్పుడల్లా గంటన్నర చేస్తుంది. హరిప్రసాద్ భోజనానికి ఇంటికి పోయాడు, మిగతావాళ్లు పైన భోజనాలకు కూర్చున్నారు. ప్రసన్నలక్ష్మి టిఫిన్ డబ్బా పట్టుకుని సెల్లార్‌లోకి దిగి, తలుపు దగ్గరగా వేసి, లైటు తీసేసి, చీరల మూటల వెనక కింద కూర్చుంది. కిటికీలోంచి రోడ్డు వెలుతురు బోను మీద పడుతోంది. ఎవరు వస్తారో చూడాలి. ఇప్పటికీ ఆమె ఎదురుచూస్తున్నది మనిషి కోసమే.

బోనులో ఎలుక గీకుతోంది. ఆగుతోంది. సన్నగా కీచుమంటోంది. డబ్బాలో అన్నం చల్లారిపోయింది.

అరగంటకు గోడ వారగా ఇంకో ఎలుక వచ్చింది. బక్కది, చెవి అంచు చిరిగింది. బోను పక్కన కొబ్బరి ముక్క ఒకటి జారిపడి ఉంది. అది దాని కోసమే వచ్చిందనుకుంది ప్రసన్నలక్ష్మి. ఎలుక కొబ్బరి ముక్కను వాసన చూసి వదిలేసింది. బోను చుట్టూ తిరిగింది. చెక్క సందులో ముక్కు పెట్టింది. లోపలి నుంచి ఇంకో ముక్కు వచ్చి దానికి ఆనింది. బయటిది మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. పైన రోడ్డు మీద హారన్ మోగితే పారిపోయింది. నిమిషం తిరక్కుండా వెనక్కి వచ్చింది.

తలుపు దగ్గరికి పోయి వంచిన అంచు కింద ముక్కు దూర్చి ఎత్తబోయింది. దారం ఆపింది. రెండోసారి ఎత్తింది. మూడోసారి ఎత్తలేదు, తల పక్కకు తిప్పి దారాన్ని పళ్ల మధ్యకు తీసుకుంది. ఒక్క కొరుకు. బిగువు మీదున్న దారం టక్కున తెగి రెండు వైపులా ఎగిరింది. రెండో చుట్టు కూడా అంతే.

ప్రసన్నలక్ష్మికి అప్పుడు అర్థమైంది, చిన్నప్పుడు తాను చూసినవన్నీ కుప్పలో వదులుగా పడున్న నూలును ఎలుక నమిలిన కొసలు. బిగించి కట్టిన దారాన్ని ఎలుక కొరికితే ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎలుక పన్ను బ్లేడుకు తీసిపోదు. కొసను నున్నగా చేసింది తను లాగిన బిగువే.

ఎలుక ముక్కుతో తలుపు ఎత్తి పట్టింది. దాని వెనక కాళ్లు వణుకుతున్నాయి. లోపలిది ఆ సందులోంచి ఒళ్లు నలుపుకుంటూ బయటికొచ్చింది. తలుపు మెత్తగా జారి మూసుకుంది. అవి వెంటనే పారిపోతాయనుకుంది ఆమె. పోలేదు. బక్కది రెండోదాని మెడ చుట్టూ వాసన చూసింది, చెవి వెనక నాకింది. ఆ తర్వాతే రెండూ కలిసి కొబ్బరి ముక్క దగ్గరికి పోయాయి. చెరో వైపు కొరుక్కుంటూ తిన్నాయి.

ఆమె నమ్మలేదు ముందు. ఎవర్నీ నమ్మని మనిషి సొంత కళ్లను మాత్రం ఎందుకు నమ్ముతుంది? లేచి వెళ్లి తెగిన దారం చేతిలోకి తీసుకుంది. ఇంకా తడిగా ఉంది. ఆ తడి తగలగానే సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది. 'ముసలాయన బువ్వ మీద కొట్టిన' అనుకుంది. అన్నం డబ్బా తెరవకుండానే పైకి వచ్చింది. అప్పుడే గుడి నుంచి వచ్చిన విజయదుర్గ అందరికీ ప్రసాదం పంచుతూ ఆమె చేతిలో కూడా ఇంత పెట్టింది.

ఆ సాయంత్రం చెప్పలేదు. శుక్రవారం పగలంతా చెప్పలేదు. దారం విషయంలో తప్పానని ఒప్పుకుంటే ఆ దుకాణంలో తనకు మిగిలేది ఏమిటి? మూడుసార్లు హరిప్రసాద్ గది దాకా వెళ్లి వచ్చింది. చివరికి తలనొప్పని చెప్పి సాయంత్రం నాలుగింటికే బయటపడి, బడంగ్‌పేట్ బస్సెక్కింది.

గుండయ్య ఇంటి ముందు పప్పు చెరుగుతున్న ఆయన భార్య కనకమ్మ ఆమెను చూసి లేవలేదు. "వచ్చినవా? ఇంక దేనికి వచ్చినవ్?" అంది. అయినా లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ప్రసన్నలక్ష్మి నిలబడే అంతా చెప్పింది. గుండయ్య గడపలో కూర్చుని విన్నాడు.

"నేనెందుకు ఇడుస్త బిడ్డా ఎలుకలను?" అన్నాడు చివరికి. "మగ్గం కాడ నేను సంపినన్ని ఎలుకలు ఊర్ల ఎవ్వలు సంపలే. తిట్టొద్దన్న గని, ఇడువుమన్ననా?"

"గదంత ఆనాడు చెప్పొచ్చు గద కాకా!"

"చెప్పిన. తియ్యలే అన్న. రెండుసార్లు చెప్పిన. మనిషి ఎన్నిసార్లు చెప్పాలె?" ఆయన గొంతు మొదటిసారి కదిలింది. "నీ మీద కోపం లేదు బిడ్డా. నీకు దారం అట్ల కనవడ్డది, చెప్పినవ్. పదకొండు మంది ఉంటిరి. గుండయ్య అసొంటోడు కాదని ఒక్కలన్నా అంటరేమో అని నిలవడ్డ. అందుకే జేబుల బ్లేడ్ తీసి చూసి, మళ్ల ఏసుకున్న. జర సేపు ఆగుదామని. ఎవ్వలు అనలే."

ప్రసన్నలక్ష్మికి ఏడుపొచ్చింది. "తప్పయింది కాకా" అంది.

"నాకు చెప్తే ఏం ఫాయిద? అక్కడ చెప్పు. సోమారం నుంచి బాటసింగారం పండ్ల మార్కెట్ల గేటు కాడ కావలి కూసోమన్నరు. మా కనకమ్మ పొమ్మంటున్నది. ఎండల గేటు కాడ ఎన్ని దినాలు కూసుంటనో."

శనివారం పొద్దున దుకాణంలో దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి, అందరూ కౌంటర్ల దగ్గరికి చేరుతున్నప్పుడు ఆమె నోరు విప్పింది. అందరి ముందే చెప్పాలని బస్సులోనే తీర్మానించుకుంది. మూడుసార్లు తెగిన దారం ముక్కల్ని గల్లాపెట్టె ముందు అద్దం మీద పరిచింది. బిగువు సంగతి చెప్పింది, గురువారం మధ్యాహ్నం సెల్లార్ తలుపు వేసుకుని, లైటు తీసేసి కూర్చుని చూసిన ఎలుక సంగతి చెప్పింది.

హరిప్రసాద్ మొదట నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి ఆమెనే చూశాడు.

"ఎలుక వచ్చి ఎలుకను ఇడిపిచ్చిందా? అక్కా, నేను చిన్నపిల్లగాన్నా?"

"నా కండ్లతోని చూసిన సార్."

"ఆనాడు కండ్లతోని చూసే బ్లేడన్నవ్. ఇయ్యాల పన్ను అంటున్నవ్. నేను ఏ కన్ను నమ్మాలె?" దారం ముక్కల్ని వేలితో పక్కకు నెట్టాడు. "గురువారం తలుపు సరిగ్గ పడలేదని సాయినాథ్‌కు చెప్పినవంట. ఇప్పుడు దారం తెగిందంటున్నవ్. తాళం చెవి నీ దగ్గర. ముసలాయన, నువ్వు ఒక్క ఊరోళ్లు. నిన్న తలనొప్పని చెప్పి ఎక్కడికి పోయినవో తెల్వదనుకున్నవా? ఏం నడుస్తున్నది మీ ఇద్దరి నడుమ? రేపు నువ్వు ఇది మగ్గం చీర అంటే నేను ఎట్ల నమ్మాలె?"

అబద్ధాన్ని తడి చేసి వెలుతుర్లో పెట్టి చూపిస్తే నమ్మిన మనిషి నిజం చెప్తే నమ్మడం లేదు. ఆమె చుట్టూ చూసింది. సాయినాథ్ అట్టపెట్టె మడుస్తున్నాడు. ఒకామె కొంగు సర్దుకుంటోంది. అందరి కళ్లూ నేల మీదున్నాయి. బుధవారం గుండయ్యకు కనిపించింది ఇదే కదా అనుకుంది.

"నేనూ చూశానండీ."

అన్నది విజయదుర్గ. చేతిలో ఉన్న చీర మడత కింద పెట్టి ముందుకొచ్చింది.

"గురువారం భోజనాల వేళ కాటన్ చీరలు తేవడానికి కిందికి దిగానండీ. తలుపు దగ్గరగా వేసుంది. తలుపు సందులోంచి చూస్తే లైటు తీసేసుంది గానీ కిటికీ వెలుగు ఉంది. ఎలుకే కొరికిందండీ దారం. నోటితో తలుపెత్తింది. చెబితే నవ్వుతారని ఊరుకున్నాను."

హరిప్రసాద్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి ప్రసన్నలక్ష్మి వైపు చూశాడు. ఈ ఇద్దరూ ఏడాదిగా పక్కపక్కనే నిలబడి ఒకరి మాట ఒకరు కొట్టేసుకునేవాళ్లు. ఒకరు పోతే ఇంకొకరికి కుర్చీ ఖాళీ అవుతుంది. అలాంటి మనిషి అబద్ధమాడి ఈమెను ఎందుకు కాపాడుతుంది? అతని మొహంలో ఆ లెక్క నడవడం ప్రసన్నలక్ష్మికి కనిపించింది. పోయిన వారం అయితే తనూ సరిగ్గా ఆ లెక్కే వేసేది.

"ముసలాయనను ఊరికే పంపితిమి గదా" అని గొణిగాడు హరిప్రసాద్. ఫోన్ తీసి నంబరు వెతికాడు. "ఆఁ, కాకా, నేను హరిని. తిన్నవా?" అంటూ మాట మెల్లగా తగ్గించి తన గదిలోకి నడిచాడు.

షట్టర్ పూర్తిగా ఎత్తారు. మెట్రో స్తంభాల అవతలి నుంచి ఎండ లోపలికి వచ్చింది. ప్రసన్నలక్ష్మి పక్క కౌంటర్ దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడిగింది.

"గురువారం నువ్వు గుడిల ఉన్నవు గదా. నా చేతిల ప్రసాదం పెడ్తివి."

"అవునండీ."

"మరి నువ్వు చూడనే లేదు."

విజయదుర్గ చీర మడత విప్పుతూ ఆమె మొహంలోకి చూసింది.

"లేదండీ. మీరు చూశారు కదా" అంది.

మొదటి బేరం మెట్లెక్కి వస్తోంది. ప్రసన్నలక్ష్మి ఆ చీర రెండో అంచు అందుకుని, తిరగేసి చూడకుండానే, ఆమెతో కలిసి కౌంటర్ మీద పరిచింది.